సీలు విప్పని డ్రమ్ము

మహిపాల్ అన్న చేతిలో కొత్త ప్రెషర్ కుక్కర్ డబ్బాతో మా ఇంటి మెట్లు ఎక్కుతుంటే చూసి నాకు గుండె దడ మొదలైంది. మంచి జరగబోయినా చెడు జరగబోయినా నాకు ముందు వచ్చేది దడే. తర్వాత ఏం జరిగిందో తెలుస్తుంది.

మహిపాల్ అన్న మా ఆయన టిమోతికి చిన్ననాటి దోస్తు. ఉప్పల్ చౌరస్తా వెనక సందులో గేమ్ పార్లర్ నడిపేవాడు. ఫోన్లలోకే ఆటలు వచ్చాక పార్లర్ మూసేసి, ఇప్పుడు బోడుప్పల్‌లో ప్లాట్లు చూపిస్తున్నాడు. ఎవరింటికైనా వట్టి చేతులతో వెళ్ళి కడుపు నిండా తిని వస్తాడని ఆయనకు పేరు. మా పాప జెమీమా మొదటి పుట్టినరోజుకు మాత్రం ఒక పెద్ద డబ్బా తెచ్చాడు. అది కూడా పార్లర్‌లో ఎవరూ కొనక మిగిలిపోయిన సరుకని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

"ఏందన్న, గింత పొద్దుగాల?" అన్నాను.

"ఏం లేదు చెల్లె. గీ కుక్కర్ మీ వదిన కొన్నది. మా ఇంటికి పెద్దగైంది. నీకు పనికొస్తదని తెచ్చిన." చెప్పులు విప్పుతూనే ఆయన చూపు వంటింటి సజ్జ మీదికి పోయింది. "అన్నట్టు, గప్పుడు పాపకిచ్చిన డ్రమ్ము డబ్బా ఉన్నదా?"

"ఉన్నది."

"విప్పలేదు కద?"

"విప్పి ఏం జేస్తం అన్న? దానికి వీడియో గేమ్ మిషన్ కావాలె, టీవీకి పెట్టాలె అంటివి. మా టీవీకి కేబులే సరిగ్గ రాదు."

"మస్తు మంచి పని జేసినవ్ చెల్లె!"

మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను ఏ విషయంలోనూ మెచ్చుకోలేదు. నా కోడికూరలో ఉప్పు ఎక్కువైందని మా అత్తమ్మకు చెప్పిన మనిషి. ఒక డబ్బా విప్పనందుకు ఇంత మెచ్చుకోలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"పాత సామాను, మీకు జాగ ఎందుకు పాడు? డ్రమ్ము నేను తీస్కపోత, కుక్కర్ నువ్వుంచుకో. లెక్క బరాబర్."

"మీ దోస్తు డ్యూటీకెళ్ళి రానీ అన్న. అడగకుండ ఇస్తే కోపానికొస్తడు."

"టిమోతికి కోపమా?" అని నవ్వాడు. నిజమే, మా ఆయనకు కోపం వచ్చింది ఇంతవరకు ఎవరూ చూడలేదు. కానీ ఆ మాటతో గుమ్మం దాటించగలిగాను. కుక్కర్ మాత్రం "ఉండనీ, మళ్ళొస్త" అని ఇక్కడే పెట్టి పోయాడు. ఆయన మా ఇంట్లో వదిలిపెట్టి పోయిన రెండో వస్తువు అది.

ఆ డబ్బా పేరు రిథం రాకెట్. పైన రెండు పుల్లలు పట్టుకున్న ఒక అమ్మాయి రాకెట్ మీద కూర్చుని ఆకాశంలోకి పోతూ ఉంటుంది. టీవీలో పాట వస్తుంటే రంగు రంగుల గుండ్రాలు కిందికి జారుతాయట. అవి గీత దగ్గరికి రాగానే ప్లాస్టిక్ డ్రమ్ము మీద సరిగ్గా ఆ తాళానికి కొట్టాలి. తప్పితే రాకెట్ కింద పడిపోతుంది. జెమీమా ఆ బొమ్మను 'రాకెట్ అక్క' అంటుంది. నడక వచ్చినప్పటి నుంచి దానికి ఒకటే పాట: "మమ్మీ, అక్కను కిందికి దింపవా?" నేనేమో పెద్దయ్యాక దింపుతాననేదాన్ని. ఎంత పెద్దయ్యాకో చెప్పలేదు.

మహిపాల్ అన్న పోగానే పాపను చంకన వేసుకుని పై వాటాకు వెళ్ళాను. అక్కడ పద్మశ్రీ అక్క ఉంటుంది. హబ్సిగూడలో కాల్ సెంటర్ ఉద్యోగం. ఇంట్లో కంప్యూటర్ ఉంది. పేరు చెప్పగానే టకటకా కొట్టి, కళ్ళజోడు సవరించుకుని, "నిస్సీ, జర కూసో" అంది. కూర్చోమన్నారంటే నాకు ఇంకా దడ.

"ఏమైందక్కా? పోలీస్ కేసా?"

"పోలీస్ కేసెందుకే! గీ ఆట జేసిన కంపెనీ మూత పడ్డదట. ఎక్కువ పీసులు జెయ్యనే లేదట. సీలు విప్పని డబ్బా ఇప్పుడు నలభై వేలు పలుకుతున్నది."

"ఆడనీకి గంత పైసలు పెడతరా?"

"ఆడరే. దాచుకుంటరు."

"దాచుకొని?"

"రేటు పెరిగినంక ఇంకొకలకు అమ్ముతరు."

"మరి వాళ్ళు?"

"వాళ్ళు గూడ దాచుకుంటరు."

"మేం గూడ మూడేళ్ళ సంది దాచినం గదక్కా, మా సజ్జ మీద," అన్నాను. పద్మక్క నవ్వింది గానీ నేను నవ్వలేదు. నా ఆలోచన అప్పటికే సైనిక్‌పురి చేరిపోయింది.

సైనిక్‌పురిలో ఒక స్కూలు ఉంది. మా అత్తమ్మ విక్టోరియా ఆ పక్క వీధిలో ఒక రిటైర్డ్ ఆఫీసర్ గారింట్లో వంట చేస్తుంది. అత్తమ్మకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ స్కూలు గేటు ముందు కాసేపు నిలబడేదాన్ని. తెల్లటి పొడుగు గోడ, పసుపు బస్సులు, పిల్లల మెడల్లో చారల టైలు. లోపల ఏముందో కనపడదు. వాచ్‌మన్ కనపడనివ్వడు. మా అమ్మకు జబ్బు చేసి నేను తొమ్మిదిలోనే చదువు మానేశాను. ఆ రోజు నుంచి నా మనసులో ఎక్కడో ఒక గేటు మూసుకునే ఉంది. అది తెరిస్తే ఈ స్కూలు గేటులాగే ఉంటుందని నా నమ్మకం. ఆఫీసర్ గారు చెబితే జెమీమాకు సీటు ఇస్తామన్నారు. డొనేషన్ సోమవారం లోపల కట్టాలి, లేకపోతే ఆ సీటు వరసలో తర్వాతి వాళ్ళకు పోతుంది. ఆ డొనేషనూ, పద్మక్క చెప్పిన రేటూ ఇంచుమించు ఒకటే. దేవుడు లెక్క చూసే సజ్జ మీద పెట్టించాడని అత్తమ్మ అంది.

పద్మక్క సజ్జ మీది డబ్బాకు కింది నుంచే ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. రెండో రోజే తార్నాక నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పేరు అచ్యుతరావు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. ఇలాంటి డబ్బాలు ఇంట్లో గదినిండా ఉన్నాయట. మాట చాలా మెత్తగా ఉంది.

"సీలు అలాగే ఉంది కదమ్మా?"

"ఉన్నది సార్."

"కండిషన్ ముఖ్యం. షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉండాలి. మరకలు, చిరుగులు ఉంటే నేను తీసుకోను. ఆదివారం మధ్యాహ్నం వస్తాను."

ఫోన్ పెట్టేశాక సజ్జ మీది నుంచి డబ్బా దింపించాను. షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు మాత్రం లేదు. దుమ్ము, బూజు, ఒక మూల బల్లి చేసిన పని. అన్నిటికంటే ఘోరం, పైనున్న ప్లాస్టిక్ కవర్ ఒక పక్క వేలెడు పొడుగున చిరిగి ఉంది. తడిగుడ్డతో తుడిచాను. తుడిచిన కొద్దీ ఆ చిరుగు ఇంకా బాగా కనపడసాగింది. సైనిక్‌పురి గేటు ఆ చిరుగులోంచి జారిపోతున్నట్టు అనిపించి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం టిమోతి డ్యూటీ నుంచి వచ్చి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఊరగాయల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్. సీసాలను అట్టపెట్టెలో పెట్టి, మీద ప్లాస్టిక్ తొడిగి, వేడి సొరంగం లాంటి మిషన్‌లోంచి పంపిస్తే ప్లాస్టిక్ ముడుచుకుని ఒంటికి అతుక్కున్న చొక్కాలా బిగుస్తుంది. ఆ పనిలో ఆయనకు పెట్టింది పేరు. మా పెళ్ళికి వచ్చిన గిఫ్టుల రంగు కాగితాలు చూసి కూడా మడతలు సరిగ్గా లేవన్నాడు.

"ఏం ప్యాకింగే గిది? జోడింపు సక్కగ లేదు, మూలలు లూజు. మా దగ్గరైతే గిది రిజెక్ట్ మాల్."

"ఆదివారం వస్తడట. షాపుకెళ్ళి తెచ్చినట్టు ఉండాలె అన్నడు. ఏం జేద్దం?"

"జేసేదేమున్నది? రేపు లంచ్‌ల మా సూపర్‌వైజర్ బిక్షపతి సార్‌ని అడిగి మా మిషన్ల పెడ్త. గీ చెత్త కవర్ పీకేసి కొత్తది తొడుగుత. నీకు ఫికరే వద్దు."

నాకు ఫికర్ వద్దన్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే. ఆ మాటతో కళ్ళు తుడుచుకున్నాను. అత్తమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నా కొడుకు చేతి పనిని ఆశీర్వదించు" అని ప్రార్థన చేసింది. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. ఆ ప్రార్థన ఎంత బాగా నెరవేరిందో ఆదివారం నాడు తెలిసింది.

శనివారం సాయంత్రం ఆయన డబ్బాను కొత్త పెళ్ళికూతురిలా తెచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. వేలితో మీటితే టంగుమంది. చిరుగు లేదు, బూజు లేదు, మూలలు కత్తుల్లా ఉన్నాయి. రాకెట్ అక్క ముఖం కూడా కడిగినట్టు తేటపడింది. జెమీమా ముక్కు ఆనించి చూసి, "మమ్మీ, అక్క కాడ ఆవకాయ వాసనొస్తున్నది" అంది.

వాసన చూశాను. వస్తోంది. ఏప్రిల్ నెల, ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ ఆవకాయే పోతోంది.

"రెండు దినాలైతే పోతది," అన్నాడు టిమోతి. "గది గాదు, గిటు సూడు." డబ్బా తిప్పి వెనక వైపు చూపించాడు. కింది మూలలో తెల్లటి స్టిక్కర్ ఉంది. ప్యాక్ చేసిన తేదీ, నిన్నటిది. బ్యాచ్ నంబరు. దాని కింద 'ప్యాక్ చేసిన నాటి నుంచి పన్నెండు నెలలలోపు వాడిన శ్రేష్ఠం.'

"గిదెందుకు?"

"ఎందుకేందే? డేట్ లేకుంటే మాల్ గేటు దాటదు. అయినా పాత డేట్ మాల్ ఎవడు ముడతడు? మొన్న మా కాడ రెండు నెలల పాతదని షాపోళ్ళు ఆటో నిండ వాపస్ పంపిన్రు. ఫ్రెష్ డేట్ సూసినాడంటే ఆయన ఇంకో అయిదు వేలు ఎక్కువే ఇస్తడు."

"డ్రమ్ముకు గూడ పన్నెండు నెలలేనా?"

"స్టిక్కర్ రోల్ మీద గట్లనే అచ్చై ఉంటది. గదెవరు సదువుతరు?"

నాకూ సబబుగానే తోచింది. పాలు కొన్నా బ్రెడ్డు కొన్నా మేం ముందు చూసేది తేదీనే. ఆ రోజు ఎంతో హాయిగా నిద్రపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తినగానే అచ్యుతరావు గారు వచ్చారు. సన్నగా, బట్టతలతో, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. కుర్చీలో కూర్చుని సంచీలోంచి తెల్లటి చేతి తొడుగులు తీసి వేసుకున్నారు. అత్తమ్మ ఆదుర్దాగా, "అయ్యో, చేతులకు దెబ్బ తాకిందా అయ్యా?" అని అడిగింది.

"కాదమ్మా. మన చేతి చెమట డబ్బాకు మంచిది కాదు."

అత్తమ్మ నాకేసి చూసింది. నిన్న ఆమె ప్రార్థన మళ్ళీ ఒకసారి చేసిందని, డబ్బా మీద రెండు చేతులూ పెట్టే చేసిందని నాకు తెలుసు. 

ఆయన డబ్బాను ఒళ్ళోకి తీసుకున్నారు. ముందు ముక్కు ఎగబీల్చారు. తర్వాత జోడింపు మీద వేలు నడిపారు. తర్వాత తిప్పారు. స్టిక్కర్ చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఇదేమిటి?"

"ప్యాకింగ్ డేట్ సార్," అన్నాడు టిమోతి, నవ్వు ఆపుకోలేక. "మొన్ననే. నేనే జేసిన."

"మీరు... చేశారా?"

"అవ్ సార్. పాత కవర్ చిరిగి ఉండె. పీకేసి ఫ్రెష్‌గ తొడిగిన."

అచ్యుతరావు గారు ఎవరైనా పోయిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చివరికి నెమ్మదిగా, "ఆ పాత కవర్ ఎక్కడుంది?" అన్నారు.

"స్క్రాప్‌ల ఏసిన. నిన్ననే లారీకెత్తిన్రు."

"అయ్యా, ఇందులో ముప్పై వేలు ఆ కవర్‌దే. లోపలి డ్రమ్ము, ఆట అన్నీ కలిపి పది."

"కవర్‌దా సార్?" టిమోతికి నిజంగా నవ్వొచ్చింది. "కవర్ కిలో నూట ఇరవై సార్ మా కాడ! గీ డబ్బాకు రెండు రూపాయలది గూడ పట్టదు."

"ఆ కంపెనీ వాళ్ళు తొడిగిన కవర్ అయ్యా అది! మళ్ళీ పుట్టదు!"

"నాదాన్కన్న మంచిగ ఉండెనా సార్? మీరే జెప్పున్రి, మూలలు సూసి జెప్పున్రి."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దడ లేదు. చెడు నిజంగానే జరిగిపోతే దడ రాదని అప్పుడే తెలిసింది. షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉండాలన్నది ఆయనే. మేం అలాగే చేశాం. అంత బాగా చేయకూడదని ఎవరూ చెప్పలేదు.

మెట్ల మీద చప్పుడైంది. లొల్లి విని పద్మక్క దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

అచ్యుతరావు గారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. డబ్బా మూలలు చూడసాగారు. ఒకటి, రెండు, మూడు. వెలుతురుకు ఎత్తి పట్టి జోడింపు చూశారు. ముఖంలో ఏదో మారింది. గొంతు మళ్ళీ ఫోన్‌లోలా మెత్తబడింది.

"ఇది... నిజంగా బాగుందయ్యా. ఈ స్టిక్కర్ లేకపోతే, ఆ వాసన లేకపోతే, నేను కూడా కనిపెట్టలేకపోయేవాణ్ణి."

"గదే నేను జెప్తున్న సార్!"

"నా దగ్గర కొన్ని డబ్బాలున్నాయి. సీలు పోయినవి. వాటికి ఇలాగే తొడగగలరా? స్టిక్కర్ లేకుండా. దీనికి నలభై ఇప్పుడే ఇచ్చి తీసుకుపోతాను. వాటికి వేరే మాట్లాడుకుందాం."

 పసుపు బస్సు మా సందులోకి తిరిగి వచ్చినట్టే అనిపించింది. టిమోతి వైపు చూశాను. ఆయన అర్థం కానట్టు చూస్తున్నాడు.

"స్టిక్కర్ లేకుండనా? డేట్ ఏస్త సార్, ఎన్నంటే అన్ని జేస్త. డేట్ లేకుండ ఎట్ల?"

"డేట్ వేస్తే ఇంకేముందయ్యా! ఎప్పుడు తొడిగారో తెలిసిపోతుంది."

"తెల్వనీకే గద సార్ ఏసేది. డేట్ లేకుండ గేటు దాటితే గది దొంగ మాల్. పదేండ్ల సంది ఒక్కటి దాటనియ్యలే."

"ఎవరికీ తెలియదయ్యా."

"బిక్షపతి సార్‌కు తెలుస్తది," అన్నాడు టిమోతి. కొంచెం ఆగి, "నాకు గూడ తెలుస్తది" అన్నాడు.

ఆయన కాలి మీద తొక్కుదామనుకున్నాను. దూరంగా ఉన్నాడు. పాప మంచం మీద నుంచి రాకెట్ అక్కను చూస్తోంది. రేపు సోమవారం. నేనొక మాట అంటే ఈయన కాదనడని నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి ఏదీ కాదనలేదు. ఆ మాటే నాలుక మీదికి వచ్చింది. కానీ బయటికి వచ్చింది ఇంకొకటి.

"సార్, గవి మీకాడ ఎవరు కొంటరు?"

"దూరం వాళ్ళమ్మా. బెంగుళూరు, పూనా. ఫొటో చూసి కొంటారు."

"కొన్నంక విప్పి సూస్తరు గద?"

"విప్పరు! విప్పితే విలువ పోతుంది కదా."

"మరి ఎప్పటికి విప్పరా?"

"ఎప్పటికీ."

"గట్లయితే లోపల ఇటుక పెట్టి తొడిగినా నడుస్తది గద సార్."

పద్మక్క కిసుక్కున నవ్వింది. అచ్యుతరావు గారు నవ్వలేదు.

"మీ ఇంట్ల గది నిండ ఉన్నయంటిరి. గవాట్ల ఏమున్నదో మీరు సూసిన్రా?"

 "అదంతా నమ్మకమమ్మా," అన్నారు. అన్నారు గానీ చూపు కాస్త చెదిరింది. గదిలో వరసలుగా పేర్చిన డబ్బాలు ఆయన కళ్ళ ముందు ఒక్కొక్కటే బరువు తగ్గుతున్నట్టు నాకనిపించింది.

ఆయన సంగతి సరే, నాకు దడ మళ్ళీ మొదలైంది. మా డబ్బాలో ఏముంది? మూడేళ్ళు కాపలా కాశాను. లోపల ఏముందో నేనూ చూడలేదు, టిమోతీ చూడలేదు. కవరే మార్చాడు. ఇచ్చిందేమో మహిపాల్ అన్న, ఎవరింటికీ ఏదీ తేని మనిషి! నిజంగా ఇటుకే ఉంటే? ఇది కొని పోయాక రేపు ఈయన పోలీసులను వెంటపెట్టుకుని వస్తే? ఆ ఆలోచన వచ్చాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చాను.

"అమ్మా, వద్దు! వద్దమ్మా!" అచ్యుతరావు గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"జర పక్కకు జరుగున్రి సార్."

టిమోతి తొడిగిన కవర్ అంత సులువుగా తెగలేదు. తెగుతుంటే ఆయన కొంచెం గర్వంగానే చూశాడు. అట్ట తెరవగానే మంచం మీది నుంచి జెమీమా ఒక్క దూకు దూకింది. లోపల ఎర్రటి డ్రమ్ము, రెండు తెల్లటి పుల్లలు, ఒక డిస్కు, పొడుగాటి వైరు. అన్నీ ఉన్నాయి. ఒక్క గీత లేదు. మహిపాల్ అన్నను అన్యాయంగా అనుమానించినట్టు తేలింది.

జెమీమా డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుని, పుల్లలు రెండూ పట్టుకుని కొట్టింది. టప్. టప్. అన్నం గిన్నె బోర్లించి కొడితే వచ్చే చప్పుడు కూడా దానికంటే బాగుంటుంది.

"మమ్మీ, పాట ఏది?"

 అచ్యుతరావు గారే నీరసంగా చెప్పారు. "దానికి మిషన్ కావాలి పాపా. అది ఇప్పుడు దొరకదు. దొరికితే చాలా రేటు."

"తాతా, నీకాడ ఉన్నదా?"

"ఉంది."

"పాట మంచిగుంటదా?"

 "తెలియదమ్మా. అది కూడా విప్పలేదు," అన్నారు.

జెమీమాకు ఆయన మీద జాలి కలిగినట్టుంది. ఒక పుల్ల చాచింది. "నువ్వు గూడ కొట్టు తాతా." ఆయన చేతి తొడుగు తీశారు. పుల్ల తీసుకుని ఒకసారి మెల్లగా కొట్టారు. ఇంకోసారి కాస్త గట్టిగా. తర్వాత ఉలిక్కిపడి పుల్ల ఇచ్చేసి, "ఇప్పుడిది వాడిన వస్తువు. ఆరు వేలు ఇవ్వగలను" అన్నారు. చేతి చెమట తగిలించింది ఎవరని పద్మక్క అడిగింది. ఆరు వేలకు సైనిక్‌పురి గేటు చప్పుడు కూడా చేయదు. పాపేమో అప్పటికే డ్రమ్మును రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుంది. వద్దన్నాం. ఆయన వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, తెగిన కవర్ ముక్కను వేళ్ళతో నలిపి చూసి, "ఎంత బాగా తొడిగావయ్యా" అన్నారు. మెట్లు మాత్రం తొందర తొందరగా దిగారు. ఇంట్లో గది గుర్తొచ్చినట్టుంది.

ఆ సాయంత్రమే మహిపాల్ అన్న డ్రమ్ము కోసం వచ్చాడు. మెట్ల మీదే టప్ టప్ విని ఆగిపోయాడు.

"విప్పిన్రా? ఎవరు విప్పమన్నరే చెల్లె! నలభై వేలు..." అని నాలుక కరుచుకున్నాడు.

"నీకెట్ల తెలుసు బిడ్డా నలభై అని?" అని అత్తమ్మ అడిగింది, బియ్యం ఏరుతూ. "మొన్న పాత సామానంటివట గద."

ఆయన తడబడి, ఇక కుక్కర్ ఎందుకన్నట్టు దాని మీద చెయ్యి వేశాడు. నేను అంతకంటే ముందే ఆ డబ్బా విప్పి చూసి ఉన్నాను. ఆ మధ్యాహ్నం తర్వాత మా ఇంట్లో సీలున్నది ఏదీ మిగల్లేదు.

"తీస్కపో అన్న. మూతకు రబ్బరు లేదు అందులో," అన్నాను. ఈ మనిషిని అనుమానించి తప్పు చేశానన్న బాధ దాంతో తీరిపోయింది.

సోమవారం గడిచిపోయింది. సీటు వరసలో తర్వాతి వాళ్ళకు వెళ్ళిందని అత్తమ్మ వచ్చి చెప్పింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. టిమోతి కూడా తినలేదు. మరునాడు సెలవు పెట్టి, "నడువ్, మన నాచారంలనే సూద్దం" అన్నాడు. మా చర్చి దాటాక రెండో సందులో ఒక స్కూలు ఉంది. తెల్లగోడ లేదు, బస్సులు లేవు. హెడ్మిస్ట్రెస్ కమలకుమారి మేడం ఫారం ముందుకు తోసి, "సంతకం పెట్టండమ్మా" అన్నారు.

"ముందు లోపల సూపియ్యున్రి మేడం," అన్నాను.

"చూడడానికి ఏముందమ్మా? స్కూలే."

"అయినా సూస్త."

టిమోతి గొంతు సవరించుకున్నాడు. మేడం విసుక్కుంటూ లేచారు. ఎల్‌కేజీ గది తెరిపించాను. బెంచీల కింద వంగి చూశాను. నల్లబల్ల మీద నిన్నటి పాఠం ఉంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. టీచర్ బల్ల సొరుగు లాగబోతే మేడం "అది వద్దమ్మా" అన్నారు. బెత్తం ఉందేమో చూద్దామనుకున్నాను. సొరుగులో ఏముందో టీచరే తీసి చూపించింది. సుద్దముక్కలు, ఒక సగం తిన్న చాక్లెట్. జెమీమా ఒక బెంచీ మీద కూర్చుని రెండు అరచేతులతో వాయిస్తోంది. చెక్క బెంచీ, డ్రమ్ము కంటే మంచి చప్పుడు వస్తోంది. పక్కన కూర్చున్న పిల్ల కూడా మొదలుపెట్టింది.

"ఇంకేమన్నా చూస్తారా?" అన్నారు మేడం.

"బాత్రూమ్ సూస్త మేడం."

"ఇంతవరకు ఎవరూ ఇట్ల అడగలేదమ్మా," అంటూనే ఆమె వరండా చివరి తలుపు తీశారు. నేను లోపలికి వెళ్ళి నల్లా తిప్పాను. ముందు గుర్రుమని గాలి వచ్చింది. తర్వాత తుప్పు రంగు నీళ్ళు. ఆపకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నీళ్ళు తేటపడ్డాయి. నల్లా కట్టేసి, సంతకానికి పెన్ను అడిగాను.